పెట్టె అడుగు కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత రికార్డు గదుల్లో దొరికే వింత కథల గురించి కిందటి నెల రెండు ముక్కలు రాసి, సందేహాలుంటే అడగండి అన్నాను. అడిగారు బాబోయ్. అన్నిటికీ చోటు లేదు, నాకు గట్టిగా తెలిసిన వాటికే జవాబు రాస్తున్నాను. మిగతావాళ్ళు కోప్పడకండి.

ఫ్రాన్సు నావికులకి ఇంటి దగ్గర నుంచి వచ్చిన ఉత్తరాలు 265 ఏళ్ళ తర్వాత విప్పారని విన్నాను. వాటిలో ఏముంది? అసలు ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవడం తప్పు కాదా? – ఒక పాఠకురాలు, తెనాలి

తప్పేనమ్మా, కానీ ఆ తప్పు ముందు చేసింది ఇంగ్లీషు నౌకాదళం. 1758లో ఫ్రాన్సుకీ బ్రిటన్‌కీ యుద్ధం జరుగుతోంది. గలాతే అనే ఫ్రెంచి యుద్ధనౌక బోర్డో నుంచి కెనడాలోని క్విబెక్‌కి వెళ్తూ దారిలో ఇంగ్లీషువాళ్ళకి పట్టుబడింది, అందులోవాళ్ళంతా ఖైదీలయ్యారు. వాళ్ళకి ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలేమో ఓడ వెనకాలే రేవు రేవూ తిరిగాయి. ఓడ దొరికిపోయిందని తెలిశాక ఫ్రెంచి తపాలావాళ్ళు వాటిని ఇంగ్లండుకే పంపేశారు, ఖైదీల చేతికి అందుతాయేమోనని. అక్కడి అధికారులు ఓ రెండు విప్పి చూసి, ఇవన్నీ ఇంటి గొడవలు, యుద్ధ రహస్యాలేం లేవు అనుకుని కట్ట కట్టి మూలన పడేశారు. అంతే, మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. లండన్ శివార్లలో క్యూ అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో కేంబ్రిడ్జి చరిత్రకారుడు రెనో మోరియో ఊరికే కుతూహలం కొద్దీ ఆ పెట్టె తెప్పించుకుని చూస్తే, రిబ్బను కట్టిన మూడు కట్టలు, మొత్తం 104 ఉత్తరాలు. 2023లో ఆ సంగతి బయటపెట్టాడు.

నాకు వాటిలో బాగా నచ్చినది మార్గరీట్ అనే 61 ఏళ్ళ తల్లిది. కొడుకు నికొలా ఓడలో కుర్ర నావికుడు. ఆవిడకి బహుశా రాయడం రాదు, ఎవరి చేతో రాయించుకుంది, మన ఊళ్ళల్లో బడికెళ్ళే పిల్లాడిని అరుగు మీద కూర్చోబెట్టి చెప్పి రాయించుకున్నట్టే. 1758 జనవరి 27న రాసిన ఆ ఉత్తరంలో విషయం ఒక్కటే: కొత్త సంవత్సరం రోజున నీ కాబోయే పెళ్ళానికి ఉత్తరం రాశావు, నాకు రాయలేదు. నువ్వు నన్ను తలుచుకునేదానికంటే నేనే నిన్ను ఎక్కువ తలుచుకుంటున్నాను, మూడు వారాలుగా ఒంట్లో బాగాలేదు, ఇక గోతిలోకే ననుకుంటా, సరే, నీకు మాత్రం నూతన సంవత్సర శుభాకాంక్షలు! ఇది చదువుతుంటే మా మేనత్త గొంతు వినిపించింది నాకు. ఆవిడా ఫోనులో ఇంతే, "నాదేముందిలే, ఇవాళో రేపో" అన్నాకనే అసలు మాటలోకి దిగేది.

మధ్యలో నలిగిపోయింది ఆ కాబోయే కోడలు మరియాన్. ముందు మీ అమ్మకి రాయవయ్యా బాబూ అని నికొలాని బతిమాలుకుంది, తర్వాత కొన్ని వారాలకి, నీ ఉత్తరం అందింది, ఇంట్లో కమ్మిన కారుమబ్బు తొలగిపోయింది అని కబురు చేసింది. ఆ తేలిక ఎన్నాళ్ళు నిలిచింది? మార్చి 7న తల్లి మళ్ళీ మొదలుపెట్టింది: ఉత్తరాల్లో నాన్న ఊసే ఎత్తవేం, నాకెంత బాధగా ఉందో తెలుసా అని. ఆ నాన్న సవతి తండ్రి. ఇంకేం చెప్పాలి, మీకే అర్థమైపోతుంది.

నవ్వు రానివీ ఉన్నాయి. ఓడలో పెద్ద అధికారి లూయీ షాంబ్రెలాన్‌కి భార్య (ఆవిడ పేరు మరీ) రాసింది, నీకు రాస్తూ రాత్రంతా గడిపేయగలను అని. ఆ ఉత్తరం అతని చేతికి చేరనే లేదు. మరుసటి ఏడాది ఆవిడ పోయింది, బహుశా అతను విడుదల కాకముందే. అతను ఫ్రాన్సుకి తిరిగొచ్చి 1761లో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. నికొలా కూడా ఖైదు నుంచి ప్రాణాలతో బయటపడ్డాడు, కానీ తర్వాత బానిసల్ని అమ్మే ఓడలో పనికి కుదిరాడట. తల్లి మీద జాలితో చదువుతున్నవాళ్ళకి ఇక్కడ కాస్త నోరు చేదవుతుంది.

ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఆ యుద్ధం మనకి పరాయిది కాదు. అదే 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్ళూ విజయనగరం ఆనంద గజపతిరాజూ ఒకవైపు, ఫ్రెంచివాళ్ళు ఒకవైపు తలపడ్డారు చూశారూ, అదీ ఆ యుద్ధంలో ముక్కే. ఫ్రెంచివాళ్ళు ఓడారు, మరుసటి ఏడాది మచిలీపట్నం కూడా పోగొట్టుకున్నారు. ఆ సిపాయిల తల్లులు రాయించిన ఉత్తరాలు ఏ రేవులో ఆగిపోయాయో మరి.

ఉత్తరం విప్పకుండానే లోపల ఏముందో చదివేశారట. ఇది వాట్సాప్ గాలి కబురేనా? – ఒక విద్యార్థి, కర్నూలు

ఈసారికి నిజమే. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో బ్రియెన్ అనే పోస్టుమాస్టరు ఉండేవాడు. అప్పట్లో తపాలా డబ్బులు ఉత్తరం అందుకున్నవాళ్ళు కట్టాలి. మన బేరింగు ఉత్తరం లాంటిదే, కాకపోతే అక్కడ అన్నీ బేరింగే. మనిషి చచ్చిపోయినా, ఊరు విడిచి వెళ్ళినా, నాకొద్దు పొమ్మన్నా ఆ ఉత్తరం పోస్టుమాస్టరు నెత్తినే. ఎప్పటికైనా ఎవరైనా వచ్చి డబ్బులు కట్టి తీసుకోకపోతారా అని బ్రియెన్ వాటన్నిటినీ ఒక ట్రంకు పెట్టెలో దాచాడు. 1689 నుంచి 1706 దాకా పోగుపడ్డవి దాదాపు 2,600. వాటిలో 600 ఇప్పటికీ విప్పనివి.

విప్పలేదంటే బద్ధకం కాదు. అప్పుడు కవర్లు లేవు. రాసిన కాగితాన్నే మడతల మీద మడతలు పెట్టి, సందుల్లోంచి దూర్చి, లక్కతో బిగించేసేవారు. విప్పితే చిరుగుతుంది. పైగా ఆ మడతే ఒక విద్య, విప్పితే అదీ పోతుంది. అందుకని దంతాల పరిశోధన కోసం తయారుచేసిన ఎక్స్‌రే స్కానర్‌లో పెట్టారు. పాత సిరాలో ఇనుము ఉంటుంది కాబట్టి అక్షరాలు తెల్లగా మెరుస్తూ కనిపించాయి, ఆ మడతల్ని కంప్యూటర్ ఒక్కొక్కటే విప్పింది. 2021లో మొదటిసారి అలా పూర్తిగా చదివిన ఉత్తరం 1697 జూలై 31న రాసింది. సెనాక్ అనే ఆయన హేగ్‌లో ఉన్న చుట్టం ల పెర్స్‌కి రాశాడు. ఇంత సైన్సు, ఇంత ఖర్చూ పెట్టి చదివితే ఏముందయ్యా అంటే, మన బంధువు దానియెల్ పోయాడు కదా, డెత్ సర్టిఫికెట్ నకలు తీసి పంపు, ఎప్పుడో అడిగాను ఇంకా పంపలేదు!

మీరు నవ్వినా నవ్వకపోయినా, ఆస్తి పంపకాల కోసం మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి సెనాక్ బాధ వెంటనే తెలుస్తుంది.

హైదరాబాదులో ఇలాంటివేమైనా ఉన్నాయా? అన్నీ విదేశాల కబుర్లేనా? – ఒక పాఠకుడు, వరంగల్

ఉన్నాయండీ, తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ముందు నుంచి ఎన్నోసార్లు బస్సులో వెళ్ళి ఉంటారు మీరు. అందులో షాజహాన్, ఔరంగజేబు కాలాల నాటి ఫారసీ కాగితాలున్నాయి. మొఘలుల దక్కను పాలన తాలూకు రికార్డులవి, ఔరంగాబాదు కోటలో ఉన్నవి నిజాం కాలంలో ఇక్కడికి చేరాయి. వాటిలో చెహ్రాలని కొన్ని ఉంటాయి. చెహ్రా అంటే ముఖం.

కథేమిటంటే, మొఘల్ సైన్యంలో ఇన్ని గుర్రాలు, ఇంతమంది రౌతులని లెక్క చూపించి సర్దార్లు జీతాలు తీసుకునేవారు. లెక్కలో వందమంది, తనిఖీ రోజున పక్క సర్దారు దగ్గర అరువు తెచ్చిన మనుషులూ గుర్రాలూ. ఈ మోసం పట్టుకోవడానికి ప్రతి సిపాయి ముఖం ఎలా ఉంటుందో కాగితం మీద రాసేవారు. తండ్రి పేరు, రంగు, నుదురు, కనుబొమ్మలు, ముక్కు, ఎక్కడ పుట్టుమచ్చ, ఎక్కడ గాయం మచ్చ, అన్నీ. గుర్రానికి కూడా రంగూ గుర్తులూ రాసి, ఒంటి మీద వాత వేసేవారు, దాన్ని దాగ్ అంటారు. ఇప్పుడు వేలిముద్ర పెడితేనే హాజరు పడుతుందని విసుక్కుంటామే, అదే పని, ముద్ర బదులు ముఖం.

చక్రవర్తుల బొమ్మలైతే బోలెడన్ని ఉన్నాయి, ఎడమ కంటి కింద గాటున్న మామూలు రౌతు బొమ్మ ఎవరు వేస్తారు? జీతం డబ్బులు తినేస్తారన్న అనుమానంతో గుమాస్తా రాసిన ఆ రెండు వరుసలే అతని ఫొటో. నన్నడిగితే ఔరంగజేబు ఫర్మానా కంటే ఇదే చూడదగ్గది.

మెకంజీ దొర దగ్గర పనిచేసిన కావలి సోదరులు మా ఊరివాళ్ళని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. వాళ్ళు చేసిన పనికి దొర పేరు పెట్టుకోవడం ఏం న్యాయం? – ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఏలూరు

న్యాయం కాదు. అయినా కథ కాస్త చిక్కుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

కాలిన్ మెకంజీ స్కాట్లండు పక్క దీవివాడు, 1783లో మద్రాసు వచ్చాడు. సర్వే అతని ఉద్యోగం, పాత చరిత్ర అతని పిచ్చి. చిత్రమేమిటంటే అతనికి మన భాషలు రావు, నేర్చుకోలేకపోయానని తనే ఒప్పుకున్నాడు. మరి వేల తాళపత్రాలు, శాసనాలు, ఊరి చరిత్రలు ఎలా పోగుచేశాడు? అక్కడే మీ ఊరి అన్నదమ్ములు వస్తారు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. పెద్దాయన బొర్రయ్య ఇరవయ్యేళ్ళ వయసులో అతని దగ్గర చేరాడు. మనుషుల్ని మాటల్లో పెట్టడంలోనూ, ఎవరూ చదవలేకపోతున్న హళెగన్నడ, అంటే పాత కన్నడ, శాసనాలు చదవడంలోనూ దిట్ట. హిందూదేశపు విద్యల గుమ్మంలోకి నన్ను అడుగు పెట్టించింది బొర్రయ్యే అని మెకంజీ తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. 1803లో బొర్రయ్య పోయాడు, ఇరవై ఆరో ఏడో వయసు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని భుజాన వేసుకున్నాడు.

వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్నవే కైఫియత్తులు. ఊరు ఎలా పుట్టింది, అడవి ఎవరు కొట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ పాలెగాడు ఎప్పుడు దోచాడు. కరణాలు చాలాచోట్ల తమ దగ్గరున్న దండకవిలెలు, అంటే తాతల నాటి ఊరి లెక్కల పుస్తకాలు, చూసి చెప్పారు. చెప్పేవాళ్ళకి లోలోపల టెన్షనే. సర్వే దొర మనుషులొచ్చి ఊరి సంగతులు అడుగుతున్నారంటే రేపు శిస్తు పెంచడానికే అనుకోరూ? కాబట్టి ఇనాము ఉన్నవాడు దాన్ని నాలుగు తరాల వెనక్కి జరిపి చెప్పేవాడు, లేనివాడు ఒకప్పుడు ఉండేదని చెప్పేవాడు. అందుకే కైఫియత్తు చదివేటప్పుడు ఎవరు చెప్పారు, చెప్పినందుకు అతనికి ఏం ఒరిగేది అని చూసుకుంటూ చదవాలి. కొందరు మిత్రులు వాటిలో ఉన్నదంతా వేదవాక్కులా ఫేస్‌బుక్కులో పెట్టేస్తుంటారు, అది నాకు నచ్చదు. అయితే ఆ భాష ఉంది చూశారూ, రెండొందల ఏళ్ళ కిందటి కరణం నోటి మాట, కామా లేదు, ఫుల్‌స్టాపు లేదు, దివాణం, జమాబందీ, హవేలి అంటూ ఫారసీ మాటలు కలిసిపోయి గుక్కతిప్పుకోకుండా సాగిపోతుంది. కావ్యాల్లో అది దొరకదు.

అమరావతి సంగతీ ఇంతే. 1797లో మెకంజీ మొదటిసారి చూసేనాటికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్నాడు, బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ తవ్వి సున్నపురాతి పలకలు తీస్తున్నారు. 1816లో మళ్ళీ వచ్చేసరికి చాలా రాళ్ళు కట్టడాల్లోకి వెళ్ళిపోయాయి. మిగిలిన వాటిని మనుషుల్ని పెట్టి బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని శిల్పాలు ఇప్పుడు ఆ బొమ్మల్లోనే ఉన్నాయి, రాయి ఎక్కడా లేదు.

ఇక న్యాయం సంగతి. 1821లో మెకంజీ కలకత్తా దగ్గర చనిపోయాడు. అతని భార్యకి లక్ష రూపాయలిచ్చి ప్రభుత్వం ఆ సేకరణ కొనుక్కుంది. విల్సన్ అనే పండితుడు 1828లో జాబితా వేస్తే, గ్రంథాలు 1,568, ఊరి చరిత్రలు 2,070, శాసనాల నకళ్ళు 8,076 తేలాయి. ఆగిపోయిన పని నేను కొనసాగిస్తాను, అవకాశమివ్వండి అని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ ఉన్న పండితుల సంఘం, ఏషియాటిక్ సొసైటీ, కాదంది. పోగుచెయ్యడం అతనికి చేతనవుతుందేమో గాని ఇంత పనికి పైన ఒక పెద్ద తల ఉండాలని వాళ్ళ అభిప్రాయం. పద్దెనిమిదేళ్ళు ఆ పనిని నిజంగా నడిపిన తల లక్ష్మయ్యదే కదా! బ్రాహ్మీ లిపి చదివిన మహానుభావుడని ప్రిన్సెప్ మీద నాకు గౌరవమే, ఈ ఒక్క విషయంలో మాత్రం కోపం.

తమ్ముడు రామస్వామి ఊరుకోలేదు లెండి. 1829లో దక్షిణాది కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేయించి, అందులో తన అన్న బొర్రయ్యనీ చేర్చాడు. ఆ తర్వాత మద్రాసులో పురుగులు తింటున్న ఆ ఊరి చరిత్రలకి సి.పి. బ్రౌన్ నకళ్ళు రాయించబట్టి మనకి మిగిలాయి. మీకు చదవాలనుంటే కడపలో బ్రౌన్ పేరు మీద ఉన్న పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తుల్ని పుస్తకాలుగా వేసింది.

తాళ్ళపాక రాగిరేకులు 1922 దాకా ఎవరికీ తెలియకుండా ఎలా ఉన్నాయి? తిరుమల గుడిలో అంతమంది ఉంటారు కదా! – ఒక సంగీతం టీచరు, విశాఖపట్నం

తెలియకపోవడమేం, తెలుసు. అక్కర్లేదనుకున్నారు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన క్యాంప్‌బెల్ దొర ఆ పుస్తకంలోనే రాశాడు, తిరుపతి గుడిలో వేల రాగిరేకులు భద్రంగా ఉన్నాయని, వాటిలో పాత తెలుగు వ్యాకరణ గ్రంథం ఏదో ఉంటుందని చెబితే వెతికించానని. వెతికించాడు. దేవుడి మీద పాటలే తప్ప ఏమీ లేవని తేలింది. నిరాశపడి వదిలేశాడు! అన్నమయ్య పాటలు చేతికి దొరికి, "అబ్బే, పాటలేనా" అని పక్కన పెట్టారన్నమాట. ఆయన్ని తిట్టడమెందుకు, వ్యాకరణం కోసం వెళ్ళినవాడికి పాట దొరికితే ఏం చేసుకుంటాడు.

ఆ తర్వాత ఇంకో వందేళ్ళకి గాని వాటి వంతు రాలేదు. సుమారు 2,500 రేకులు. అన్నమయ్యవీ, కొడుకు పెద తిరుమలాచార్యులవీ, మనవడు చిన తిరుమలాచార్యులవీ. అన్నమయ్య 32,000 పాటలు కట్టాడని ప్రతీతి, దొరికినవి పద్నాలుగు వేల దాకా. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్ళు కూర్చుని ఆ లిపి చదివి, పరిష్కరించి అచ్చుకి ఇచ్చారు. మీరు సంగీతం టీచరు కాబట్టి ఒక సంగతి చెప్పాలి: రేకుల మీద రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. ఇప్పుడు మనం పాడుకునే వరసల్లో చాలావరకు ఈ వందేళ్ళలో కట్టినవే. రాగిలోకి మాట ఎక్కింది, గొంతు ఎక్కలేదు.

మా తాతగారు కరణం. ఆయన ట్రంకు పెట్టెలో కాగితాలు, రెండు తాటాకు కట్టలు ఉన్నాయి. లామినేషన్ చేయించమంటున్నారు. చేయించనా? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

వద్దమ్మా, దయచేసి వద్దు. ఆ వేడికి పాత కాగితం పాడవుతుంది, ఒకసారి చేశాక మళ్ళీ తీయలేరు. సెల్లోటేపు కూడా అంటించకండి, పదేళ్ళకి పసుపుపచ్చగా మారి కాగితాన్ని తినేస్తుంది. మా ఇంట్లో నేనే చిన్నప్పుడు అతి తెలివితో ముత్తాత దస్తావేజుకి టేపు వేశాను, ఇప్పుడు సరిగ్గా సర్వే నంబరు ఉన్నచోటే కనపడదు. గుండుసూదులు, క్లిప్పులు ఉంటే మెల్లగా తీసేయండి, తుప్పు పడుతుంది. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ప్రతి పుటకీ ఫోనుతో ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. తాటాకులకి నిమ్మగడ్డి నూనె పల్చగా రాస్తే మెత్తబడతాయి, కానీ అంతకుముందు తెలిసినవాళ్ళకి చూపించండి, ఎండిపోయి ఉంటే విరుగుతాయి.

1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ఇలాంటి పెట్టెలు ఎన్ని ఇళ్ళల్లో అటకెక్కాయో, వాటిలో ఎన్ని పాత కాగితాలవాడి తక్కెడలోకి వెళ్ళాయో. మీదింకా ఉంది, సంతోషం. కాగితాల మీద ఫసలీ (శిస్తు లెక్కల ఏడాది) అని అంకె ఉంటుంది చూడండి, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1345 అని ఉంటే 1935-36 అన్నమాట. శాలివాహన శకం అని ఉంటే 78 కలపండి. ముందు ఆ అంకెల వరుసలో పేర్చుకుని, అన్నిటికంటే పాతది ఏ ఏడాదిదో నాకు రాయండి.